మల్లిక ఎంచుకున్న చదువు

మల్లిక సంగతి చెప్పాలంటే ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి.

నా పేరు వెంకటేశం. తాండూరు దగ్గరి ఒక పల్లెలో, సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ప్రతి డిసెంబరులో పదో తరగతి పిల్లలకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, బడి అయిపోయినంక ఏం కావాలనుకుంటున్నారో రాయమంటాను. డాక్టర్, కలెక్టర్, సాఫ్ట్‌వేర్, పోలీసు, ఎక్కువగా ఇవే వస్తాయి. నాలుగేండ్ల కింద ఒక కాగితం మీద మాత్రం గుండ్రటి అక్షరాలతో ‘పశువుల దవాఖానలో కాంపౌండర్’ అని ఉంది. కింద మల్లిక పేరు.

నేను దాన్ని పైకి చదివి నవ్వాను. నేను నవ్వితే క్లాసు నవ్వకుండా ఉంటుందా? అందరూ నవ్వారు. “లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకునేదానివి, కాంపౌండర్ ఏందమ్మా?” అని, ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేసి పైన ‘ఇంజినీర్’ అని రాసి కాగితం తిరిగి ఇచ్చాను. మల్లిక దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఆ అమ్మాయిది మొదటి నుంచీ తక్కువ మాటలు.

మల్లిక తండ్రి భీమప్ప. తాతల నాటి నుంచి వాళ్లది గొర్లు కాసే ఇల్లు. అరవై, డెబ్బై జీవాలుంటాయి. కంది కోతలయ్యాక చేన్లలోకి తోలుకుపోతాడు, వానలు పడితే గుట్టల దిక్కు. ఒక్కోసారి కర్ణాటక సరిహద్దు దాటి పదిహేను రోజులు రాడు. వచ్చినప్పుడు మాటల్లో రెండు కన్నడ ముక్కలు ఎక్కువ కలుస్తాయి. తల్లి సుమిత్రమ్మ కూలికి పోతుంది, కంది చేన్లలో కలుపు తీస్తుంది. మల్లిక ఒక్కతే బిడ్డ.

పొద్దున బడికి వచ్చే ముందు దొడ్డి ఊడ్చి, పిల్లలున్న గొర్లకు ఆకు వేసి వస్తుంది. ఏ గొర్రె నెమరు వేయడం మానిందో, ఏది వెనకబడి నడుస్తోందో తండ్రి కన్నా ముందే కనిపెడుతుంది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఊళ్లో పశువైద్య శిబిరం పెట్టారట. మందలకు నీలినాలుక రోగం రాకుండా టీకాలు వేస్తుంటే మల్లిక ఆ రోజు బడి మానేసి, దవాఖాన మనిషి వెంట మంద మందకూ తిరిగింది. ఐసు డబ్బా మోసింది. ఎన్ని జీవాలకు వేశారో రాసిపెట్టింది. సాయంత్రం ఆయన పోతూ పోతూ, “నీ చెయ్యి వణకదు బిడ్డా” అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుంది ఆమె. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు తెలిసింది తొంభై ఎనిమిది మార్కులే.

సంక్రాంతి సెలవుల ముందు నుంచే హైదరాబాదు కాలేజీల మనుషులు మా ఊర్ల మీద తిరుగుతారు. ఆ సంవత్సరం వచ్చినతని పేరు నవీన్. ఇస్త్రీ చొక్కా, బైకు మీద సంచి, సంచి నిండా రంగు కాగితాలు. మంచి మాటకారి, మర్యాదస్తుడు కూడా. మా స్టాఫ్ రూముకు వచ్చి లెక్కలు బాగా వచ్చే పిల్లల పేర్లు అడిగాడు. నేను రెండు పేర్లు చెప్పాను. ఒకటి మల్లిక, రెండోది ఆమె పక్కన కూర్చునే జ్యోతి.

సాయంత్రానికల్లా నవీన్ భీమప్ప ఇంటి ముందు ఉన్నాడు. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ముఖాలు వరసగా అచ్చువేసిన పెద్ద కాగితం మంచం మీద పరిచాడు.

“వచ్చేసారి గీడ మీ బిడ్డ ఫోటో ఉంటది పెద్దయ్యా” అని ఒక చోట వేలు పెట్టి చూపించాడు.

భీమప్ప ఆ చోటునే చూస్తూ ఉండిపోయాడట. మర్నాడు గొర్లను ఎవరికో అప్పగించి బడికి వచ్చాడు. స్టాఫ్ రూములో కుర్చీ వేసినా కూర్చోలేదు.

“సారూ, నా కాళ్లు జూడున్రి” అని పగిలిన మడమలు చూపించాడు. “నలభై ఏండ్లాయె గీ గొర్ల ఎంబడి తిరగవట్టి. నా బిడ్డ నీడల కూసొని పని చేసుకోవాలె. గంతే. మీరు ఏది జెప్తే గదే జదువుతది.”

“ఎంపీసీ చదివించు భీమప్పా. ఇంజినీరైతది” అన్నాను. నా మాట మీద ఆయనకు ఎంత నమ్మకమో చూసి నాకు గర్వంగా కూడా అనిపించింది.

జ్యోతికైతే ఆ కాలేజీ అంటే పండుగే. ఆమెకు నిజంగానే కంప్యూటర్ల మీద ఇష్టం. హాస్టల్లో ఇద్దరం ఒకే గదిలో ఉండాలి, పక్కపక్క మంచాలు తీసుకోవాలి అని మల్లికతో ఒట్టు వేయించుకుంది. మల్లిక ఒట్టు వేసింది. తండ్రి అడిగితే సరే అంది. నేను అడిగినా సరే అంది. ఆమె మంచి కోరే వాళ్లమే అందరం చుట్టూ నిలబడి ఉన్నాం. మాలో ఎవరికీ ఎదురు చెప్పే మనసు ఆమెకు లేదు.

మార్చిలో, పరీక్షలకు పది రోజుల ముందు సుమిత్రమ్మ బడికి వచ్చింది. చేను నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుముకు చుట్టుకునే ఉంది. పిల్లలంతా వెళ్లిపోయేదాకా వరండాలో ఆగి, అప్పుడు దగ్గరికి వచ్చింది.

“సారూ, పోరి సక్కగ తింటలేదు. రాత్రి నిద్రల ‘మందు అయిపోయింది, మందు అయిపోయింది’ అని కలవరిస్తది. పరీక్షల రందేమో అనుకున్న. అడుగంగ అడుగంగ జెప్పింది. పసులకు మందులిచ్చే చదువు కావాల్నట. అసుమంటిది ఉంటదా సారూ?”

ఉందో లేదో నాకు తెలియదు. పశువుల డాక్టరు చదువు ఇంటర్ తర్వాత ఉంటుందని తెలుసు. పదో తరగతితో చేరేది ఏమైనా ఉందా? ఇన్నేండ్లుగా ఇంతమంది పిల్లలను ఈ దారిన పో, ఆ దారిన పో అని పంపినవాడిని, రెండు మూడు దారులకు మించి నాకే తెలియవు.

“తెలుసుకొని చెప్తానమ్మా” అన్నాను. ఆమె ఆ మాటకే చేతులు జోడించి వెళ్లిపోయింది. చదువు రాని ఆ తల్లి బిడ్డను అడగవలసిన ప్రశ్న అడిగింది. మేమెవరం అడగలేదు.

మరునాడు నాకు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఉందట. పదో తరగతి తర్వాత రెండేండ్ల పశుసంవర్ధక డిప్లొమా. దానికి కూడా పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షే రాయాలి. ఆ పరీక్షలో ఎలాగూ లెక్కలే ఎక్కువ. మల్లికను పిలిచి ఈ సంగతి చెప్తే, “నిజంగనా సార్?” అంది. ఆ తర్వాత ఆ పిల్ల నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. ఐదేండ్లు నా క్లాసులో కూర్చున్నా ఆమెకు ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు తెలియదు.

“నాయినకు మీరే చెప్పాలె సార్” అంది.

నాకూ ధైర్యం చాలలేదు. నా మాట మీదే కదా ఆయన ఇంజినీరు కల పెంచుకున్నాడు. అందుకని సగం చెప్పాను. “పాలిటెక్నిక్ పరీక్ష అని ఒకటుంది భీమప్పా, రాసి పెడితే మంచిది” అన్నాను. “రాయించున్రి సారు, మీకెరుక గద” అన్నాడు.

పదో తరగతి ఫలితాలు బాగానే వచ్చాయి. మే నెలలో వికారాబాదులో ప్రవేశ పరీక్ష. మా బడి నుంచి నలుగురు పిల్లలు రాస్తున్నారు, నేను తోడు బయల్దేరాను. భీమప్ప కూడా వస్తానన్నాడు. తెల్ల ధోతి కట్టి, తలకు కొత్త రుమాలు చుట్టుకొచ్చాడు. భుజాన గొంగడి లేకుండా ఆయనను నేను చూడడం అదే మొదటిసారి. తాండూరులో ప్యాసింజరు రైలెక్కాం. భీమప్ప కిటికీ దగ్గర కూర్చొని దారి పొడుగునా కనిపించిన మందలన్నీ లెక్కపెట్టాడు. ఏ మంద ఎవరిదో సగం వాటికి చెప్పగలిగాడు.

పదకొండు గంటలకు పిల్లలు లోపలికి పోయారు. వాళ్ల తల్లిదండ్రులూ నేనూ గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. భీమప్పకు ఒక చోట కూర్చోవడం అలవాటు లేదు. “ఛాయ్ తాగొస్త సారు” అని లేచి పోయాడు. పన్నెండయింది, ఒకటయింది. మనిషి జాడ లేదు. ఫోను చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఒకటిన్నరకు గంట కొట్టారు. మల్లిక పెన్ను జేబులో పెట్టుకుంటూ బయటకొచ్చి, “నాయినేడి సార్?” అంది.

మిగతా ముగ్గురినీ వాళ్ల తల్లిదండ్రులకు అప్పగించి, ఛాయ్ బండి దగ్గర అడిగాం. “తెల్ల ధోతాయనా? గా పసుల దవాఖానకు పోయిండు. ఆటోల గొర్రెను తెస్తుంటే ఎంబడే ఉరికిండు” అన్నాడు బండి అతను.

మేం పోయేసరికి దవాఖాన ఆవరణలో, రేకుల షెడ్డు కింద నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. మధ్యలో భీమప్ప నేల మీద బాసిపట్లు వేసుకొని కూర్చున్నాడు. ధోతి మోకాళ్ల దాకా తడిసి మట్టి కొట్టుకుపోయింది. ఒడిలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. దాన్ని కొత్త రుమాలుతో రుద్దుతున్నాడు. పక్కన తల్లి గొర్రె పడుకొని ఇంకో పిల్లను నాకుతోంది. దాని ముందు ఒక అమ్మాయి, ముప్పై లోపే ఉంటాయి, మోచేతుల దాకా ఉన్న తొడుగులు విప్పుతోంది. ఆమె పేరు మల్లీశ్వరి, ఆ దవాఖానలో అసిస్టెంటు.

మమ్మల్ని చూసి భీమప్ప జరిగిందంతా ఒక్క ఊపులో చెప్పాడు. “కాన్పు కష్టమైంది సారు. పిల్ల ముందటి కాలు మడత పడి అడ్డం తిరిగింది. నేనైతే తల్లి దక్కదనుకున్న. గీ అమ్మ చెయ్యి వెట్టి, కాలు సర్ది, గిట్ల తీసింది. నేను వట్టుకున్న గంతే. ఎనకాల ఇంకోటున్నది. గది ఊపిరి తియ్యలే. ముక్కుల జిగురు తీసి, బోర్లేసి రుద్దమన్నది. రుద్దిన. గదే గిది.”

ఒడిలోని పిల్ల సన్నగా అరిచింది. భీమప్ప ముఖం వెలిగిపోతోంది. తన మందలో ఎన్ని కాన్పులు చూసి ఉంటాడో. పోయినవీ చూసి ఉంటాడు.

“కాక లేకుంటే ఇయ్యాల ఒక్కదానితోని అయ్యేది కాదు సార్” అంది మల్లీశ్వరి చేతులు కడుక్కుంటూ. “మా డాక్టర్ సారు ఊర్లకు పోయిండు.”

భీమప్ప ఆమెనే చూస్తూ అడిగాడు. “నువ్వు డాక్టరమ్మవు గావా?”

“కాదు కాకా. డిప్లొమా జేసిన, రెండేండ్లది. మాది నవాబుపేట దిక్కు. మాకు బర్రెలుండె.”

“మరి గీ పని జేస్తనంటే మీ నాయిన ఏమన్లేదా?”

మల్లీశ్వరి నవ్వింది. “మస్తు అన్నడు. ఆర్నెల్లు మాట్లాడలే. ఇప్పుడు ఊర్ల ఎవరి బర్రెకు జరమొచ్చినా నాకు ఫోన్ జేసేది ఆయననే. రోజుకు నాలుగుమాట్ల జేస్తడు. ఎత్తకపోతే అలుగుతడు.”

మల్లిక ఇంతసేపూ తల్లి గొర్రె దగ్గర కూర్చొని దాని పొదుగు చూస్తోంది. తల ఎత్తకుండా, “అక్కా, గా చదువు కోసమే నేను ఇయ్యాల పరీక్ష రాసిన” అంది.

భీమప్ప చేతులు ఆగిపోయాయి. నేను అటు తిరిగి రేకుల వంక చూశాను. మల్లీశ్వరి మా ముగ్గురి ముఖాలూ చూసి, సంగతేదో ఉందని గ్రహించి, సూది మందు తెస్తానని లోపలికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చినప్పుడు సూది మల్లిక చేతికి ఇవ్వలేదు, అది పద్ధతి కాదు. కానీ ఎక్కడ, ఎందుకు వేస్తున్నదో ఒక్కో మాటా విప్పి చెప్పింది. మల్లిక మూడు ప్రశ్నలు అడిగింది. ఐదేండ్లలో నన్ను అడిగినవన్నీ కలిపినా అన్ని ఉండవు.

తిరుగు రైల్లో భీమప్ప మందలు లెక్కపెట్టలేదు. తడి ధోతితోనే కూర్చొని బయటికి చూస్తున్నాడు. మల్లిక నా పక్కన బిగుసుకొని ఉంది. ధారూరు దాటాక ఆయన నోరు విప్పాడు.

“సారూ, మీకు ముందుగాల్నే ఎరుకనా?”

“ఎరుకే భీమప్పా.”

“దీని తల్లికి?”

“ముందు చెప్పిందే ఆమె.”

“అంటే ముగ్గురు గలిసి నన్నే గొర్రెను జేసిన్రు” అన్నాడు. ఆ మాట అనేసి తనకే నవ్వొచ్చింది. మొదట ఆపుకోబోయాడు, వల్లకాలేదు. భుజాలు కదిలేలా నవ్వాడు. మల్లిక కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎదురు సీటులో ఉన్న ముసలామె ఏమైందని అడిగింది. ఎవరం చెప్పే స్థితిలో లేము.

నవ్వు తగ్గాక ఆయన బిడ్డ వైపు తిరిగాడు. “నేను నిన్ను గొర్ల నుంచి తప్పియ్యాలె అనుకున్న. నువ్వేమో మల్ల గాడికే పోతనంటివి. నీడల కూసునుడు నీకు వద్దా?”

“నాకు గది మంచిగనిపిస్తది నాయినా” అంది మల్లిక.

“సరె తియ్” అన్నాడు. ధోతికి అంటిన మట్టి గీరుకుంటూ, “గా అమ్మ చెయ్యి జూసినవా, ఎంత అల్కగ తిప్పింది” అన్నాడు. తాండూరు వచ్చేదాకా ఇక ఆ కాన్పు గురించే మాట్లాడాడు.

వారం తర్వాత నవీన్ వచ్చాడు. భీమప్ప మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఒక్కటే అడిగాడట. “మీ కాలేజీల గొర్ల గురించి జెప్తరా బాబూ?” లేదన్నాడు నవీన్. “గట్లయితే మా బిడ్డకు పనికిరాదు” అని ఆ రంగు కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి తిరిగి చేతిలో పెట్టాడు. నవీన్ కూడా మంచివాడే, రెండో గ్లాసు మజ్జిగ తాగి పోయాడు.

జ్యోతితో మాత్రం కష్టమైంది. ఒట్టు తప్పావని మల్లికతో మాట్లాడ్డం మానేసింది. హాస్టలుకు పోయే రోజు బస్టాండుకు మల్లిక వెళ్తే ముఖం తిప్పుకుంది. దానికి తోడు మొదటి విడతలో మల్లికకు సీటు రాలేదు. తాండూరులో సర్కారు జూనియర్ కాలేజీలో చేరి, రోజూ బస్సులో పోయి వస్తూ, రెండో విడత కోసం ఎదురుచూసింది. ఆ నెలన్నర ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ పరేషాన్ అయింది భీమప్పే. రెండు రోజులకోసారి ఫోన్. “సారూ, పేరు వచ్చిందా? జర మల్ల జూడున్రి.” చివరికి వచ్చింది. మహబూబ్‌నగర్ దిక్కు కాలేజీ. ఆ సంగతి ఫోన్లో చెప్తే అవతల నుంచి గొర్ల మెడల గంటలు మాత్రమే వినిపించాయి.

దసరాకు జ్యోతి హాస్టలు నుంచి వచ్చింది. నేరుగా మల్లిక ఇంటికే పోయిందట. పక్క మంచం అమ్మాయి గురక పెడుతుందని, నిద్ర పట్టడం లేదని చెప్పుకొని ఏడ్చి, తర్వాత ఇద్దరూ పొద్దుపోయేదాకా నవ్వుకున్నారని సుమిత్రమ్మ చెప్పింది. జ్యోతికి ఆ దారి కుదిరింది. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది, బాగా చదువుతోంది.

మల్లిక డిప్లొమా ముగించి, పోయిన ఏడాది నుంచి సంచార పశువైద్య వాహనంలో అసిస్టెంటుగా చేస్తోంది. తాండూరు, పరిగి మధ్య పల్లెలన్నీ తిరుగుతుంది. ఎండకు నల్లబడింది. మాట పెరిగింది. మొండి కాపరులను పేరుపెట్టి పిలిచి మందలిస్తుంది. అందరికన్నా మొండివాడు ఇంట్లోనే ఉన్నాడు. గొర్రె కుంటితే వాత పెట్టడమే మందు అంటాడు భీమప్ప. గిట్ట చూడకుండా వాత ఏంది నాయినా అంటుంది ఆమె. ఇద్దరూ దొడ్డి దగ్గర గంటసేపు వాదించుకుంటారు. సుమిత్రమ్మ అన్నం చల్లారిపోతోందని కేకేస్తుంది.

ఇక నేను కాగితాలు ఇవ్వడం మానలేదు. ఎర్ర పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి పోతున్నాను. పిల్లలు రాసిన ప్రతి మాట గురించీ ఎక్కడ, ఎంతకాలం, ఎట్లా చేరాలి అని కనుక్కుంటున్నాను. పోయినసారి ఒక అమ్మాయి రైలింజను నడుపుతానంది. దాని కోసం తాండూరు స్టేషనులో సగం పూట తిరిగాను.

ఈ ఏడు పదో తరగతి పిల్లలతో మాట్లాడమని మల్లికను పిలిచాను. వాహనం బడి ముందు ఆగింది. ముందు సీటులోంచి మొదట దిగింది భీమప్ప. ఈయన ఎందుకొచ్చాడని అడిగితే, “దారిల దింపుతనంటే ఎక్కిండు సార్, దిగుతలేడు” అంది మల్లిక.

ఆమె నల్లబల్ల ముందు నిలబడి తన చదువు గురించి చెప్పింది. తడబడలేదు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, “అక్కా, సూది ఇస్తే గొర్రె తంతదా?” అని అడిగింది.

“తంతది” అన్నాడు తలుపు దగ్గర నుంచి భీమప్ప. “వట్టుకునే తీరు ఉంటది బిడ్డా. ఎడమ చెయ్యి గిట్ల గవుద కింద వెట్టాలె—” అని తన గడ్డం కిందే చెయ్యి పెట్టి చూపించబోయాడు.

“నాయినా, జర నన్ను మాట్లాడనియ్” అంది మల్లిక.

క్లాసంతా గొల్లుమంది. భీమప్ప నోరు మూసుకొని రెండు నిమిషాలు ఆగాడు. మూడో ప్రశ్నకు మళ్లీ ఆయనే మొదలుపెట్టాడు. ఇంతలో పరిగి దిక్కు నుంచి ఫోన్ వచ్చింది. ఆవు ఈనలేక అవస్థ పడుతోందట. మల్లిక సెలవు తీసుకొని వాహనం ఎక్కేసింది. భీమప్ప పోలేదు. పిల్లల మధ్య బెంచీ మీద సర్దుకొని కూర్చొని, గొర్రె పళ్లు చూసి వయసు చెప్పడం ఎట్లాగో మొదలుపెట్టాడు. ఆ పీరియడు నాదే. సుద్దముక్క కింద పెట్టి నేనూ పక్క బెంచీలో కూర్చున్నాను.